స్లాబు ఆగొద్దు, బేస్‌మెంటు ఆగితే ఏం కాదు

(హనుమకొండ జిల్లాల ఒక ఊరి రైతు వేదికల, ఇల్లు కట్టుకునేటోళ్ల కోసం పెట్టిన మీటింగుల ఒక సివిల్ సూపర్‌వైజర్ మాట్లాడింది. రికార్డింగు విని రాసినం.)

అందరికి నమస్తే. ఎనుక కూసున్నోళ్లకు వినవడుతుందా? సరే. రైతు వేదికల యూరియా మీద, పత్తి మీద మీటింగులు పెడ్తరు గని ఇల్లు కట్టుడు మీద పెట్టుడు నేనైతే ఇదే చూస్తున్న, మంచి పని చేసిండ్రు. నన్ను పిలిచినోళ్లు ఒకటే చెప్పిండ్రు, సామాన్లు టైముకు వస్తలేవు, పనులు ఆగుతున్నయ్, ఏం చెయ్యాల్నో జర చెప్పుమని. ముందే చెప్తున్న, సామాన్లు లేటు కాకుండ చేసే మంత్రం నా దగ్గర లేదు. గోదావరి మన మాట వినదు, ఇటుక బట్టీలాయన మన ముహూర్తం చూడడు, క్రషర్ బంద్ అయితే మనమేం చేస్తం. లేటు ఎట్లైన అయితది. మన చేతుల ఉన్నదల్లా ఆ లేటు ఎక్కడ కావాల్నో మనమే ముందు డిసైడ్ చేసుకునుడు, అంతే. నేను ఇయ్యాల చెప్పేది మొత్తం దాని చుట్టే ఉంటది.

ఇంటి పనిల ఆగితే నష్టం లేని జాగలు కొన్ని ఉంటయి, ఆగితే కొంప మునిగే జాగలు కొన్ని ఉంటయి. మనోళ్లు చేసేది ఏందంటే ఈ రెండిటికి ఫరక్ చూడరు, పని నడవాలె అంతే, సుతారోళ్లు వచ్చిండ్రు కదా ఖాళీగ ఎందుకు ఉండాలె అని గుంతలు తీపిస్తరు. గుంతలు తీసినంక కంకర రాలేదంటరు. ఇంతల వాన పడ్తది. మొన్న 2025 అక్టోబరు ఆఖరుకు మొంథా తుఫాను వచ్చినప్పుడు వరంగల్, హనుమకొండల ఎట్లయిందో మీకు చెప్పేది లేదు, వడ్లు కల్లాలల్ల కొట్టుకపోయినయ్. అప్పుడు పిల్లర్ల గుంతలు తీసి పెట్టుకున్నోళ్ల పరిస్థితి చూడాలె, గుంత గోడలు కూలి, అడుగున మోకాలెత్తు బురద. నల్లరేగడి అయితే ఇంకా అన్యాయం, నీళ్లు తాగి ఉబ్బుతది, ఎండితే పగుల్తది. ఆ బురద మీదనే బెడ్డు కాంక్రీటు ఏసేస్తం అంటే అస్సలు ఒప్పుకోవద్దు, మెత్తబడ్డ మన్ను మొత్తం తీసి గట్టి నేల తగిలేదాక పోవాలె, అంటే కూలీ డబల్, లోతు పెరిగితే కాంక్రీటు కూడ పెరుగుతది. అందుకే నేను అనేది, పునాదికి కావల్సిన ఇనుప సలాక, సిమెంటు, కంకర, ఇసుక మీ ఇంటి ముందట పడ్డంకనే గుంతలు తీపియ్యండి. ముగ్గు పోసి కొబ్బరికాయ కొట్టుడు ముహూర్తం ప్రకారం చేసుకోండి, ఒక మూలకు నాలుగు గడ్డపారలు ఏసి పూజ చేసుకోండి, ఎవరొద్దంటరు. మొత్తం గుంతలు మాత్రం సామాను చూసుకొనే.

ఇగ బేస్‌మెంటు, అంటే పునాది మీద నుంచి గచ్చు ఎత్తు దాక లేపే కట్టడం. ఇది ఆగొచ్చు. ఆగితే ఇంకా మంచిది అంట నేను. లోపట మొరం పోసి, అర అడుగు అర అడుగు పొరలు పొరలుగ నీళ్లు పట్టి దిమ్మిస కొట్టి, మీద ప్లింత్ బీము, అంటే గోడల కింద చుట్టు తిరిగే బీము, ఏసి ఆపిండ్రనుకోండి, ఒక వానకాలం దాని మీద పోయినా ఏం కాదు, మొరం మంచిగ కూసుంటది, రేపు గచ్చు కుంగదు. ఒక్క దాని మీద నజర్ పెట్టాలె, పిల్లర్ల సలాకలు మీదికి లేసి ఉంటయి కదా, అవి నెలలకొద్ది వానల తడిస్తే తుప్పు పడ్తది. సిమెంటు నీళ్లల్ల కలిపి గంజి లెక్క చేసి బ్రష్‌తోని పూయండి, మీద పాత యూరియా సంచులు చుట్టి కట్టండి. మల్ల పని మొదలువెట్టేటప్పుడు వైరు బ్రష్ కొట్టి ఆ పూత, పొట్టు మొత్తం రాలగొట్టాలె. చేతికి ఎర్రగ అంటుకునే పల్చటి తుప్పుకు భయపడొద్దు, పెచ్చులు పెచ్చులుగ లేసేదే డేంజరు.

లెంటల్ దాక, అంటే దర్వాజల మీది బీము దాక, గోడలు లేపి ఆపినా పర్వాలేదు. గోడ ఆపేటప్పుడు నిటారుగ కోసినట్టు ఆపొద్దు, మెట్లు మెట్లుగ వదిలిపెట్టాలె, అప్పుడే కొత్త ఇటుక పాతదాంట్ల కలుస్తది, లేకుంటే ఆడ నిలువు పగులు గ్యారంటీ. ఇంకో మాట, లేటయిన ఇటుక ఒక్కపారి రెండు లారీలు దిగంగనే సుతారోళ్లు ఆగం ఆగం చేస్తరు, ఒక్కరోజే గోడ మొత్తం లేపేస్తమంటరు. 5 అడుగుల కంటె ఎక్కువ ఒక్కరోజుల లేపనియ్యకండి, కింది మాలు పచ్చిగ ఉంటే గోడ వంగుతది.

ఆగొద్దంది స్లాబు. పెండ్లి వంటల పొయ్యి మీద ఎసరు పెట్టినంక బియ్యం కోసం దుకాణానికి ఎవడన్న పోతడా? గట్ల సగం పోసినంక సిమెంటు కోసం ఫోన్లు చేసుడు ఉండొద్దు. పోసిన కాంక్రీటు గట్టిపడ్డంక దాని పక్కకు కొత్తది పోస్తే రెండు ఒకటి కావు, పైకి కనవడదు గని వానకాలం ఆ గీత పొంటే నీళ్లు కారుతయ్, సలాక తుప్పు పడ్తది, పదేండ్లకు పెచ్చులు ఊడుతయ్. మీ ఇంట్ల కాదు గని పక్కింట్ల స్లాబుకు అడ్డంగ తడి గీత చూసే ఉంటరు.

లెక్క చెప్త రాసుకోండి. సర్కారు స్కీముల కట్టుకునే ఇందిరమ్మ ఇల్లు అంటే 400 నుంచి 600 చదరపు అడుగుల దాక కదా, 600 తీసుకుందాం. 5 ఇంచుల మందం స్లాబు అంటే 7 ఘనపు మీటర్ల కాంక్రీటు. సిమెంటు ఒకటికి ఇసుక ఒకటిన్నర, కంకర మూడు పాళ్లల్ల కలిపితే ఘనపు మీటరుకు సిమెంటు 8 బస్తాలు, అంటే స్లాబుకే 56 బస్తాలు, బీములు, సజ్జలు వేరే. ఇసుక 100 సీఎఫ్‌టీ, అంటే ఘనపు అడుగుల పైన, కంకర 200 సీఎఫ్‌టీ పైన. దీని మీద పదోవంతు ఎక్కువ పెట్టుకోండి. అట్లనే కాంక్రీటు కలిపే మిల్లరు వస్తది, డీజిలు ఉందా? వైబ్రేటరు నీడిలు పనిచేస్తుందా, ఇంకోటి ఎక్కడ దొరుకుతది? డ్రమ్ముల నీళ్లు నిండినయా, పోసేటాల్లకు కరెంటు పోతే బోరు నడవదు కదా. ఇవన్ని ముందురోజు పొద్దుమూకి మీరే తిరిగి చూడండి, మేస్త్రి చూస్తడు అనుకోవద్దు. మేస్త్రికి ఆ రోజు ఇంకో రెండు సైట్లు ఉంటయి.

సెంట్రింగ్, అంటే స్లాబు కింద కొట్టే షీట్లు, గుంజల సంగతి గూడ ఇక్కన్నే చెప్త. సలాక ఇంకా దుకాణంల ఉండంగనే సెంట్రింగోన్ని పిలిచి షీట్లు కొట్టిపిస్తరు, సలాక వారం లేటయితది, కిరాయి నడుస్తనే ఉంటది. సలాక దిగినంకనే పిలవండి. స్లాబు పోసినంక కిరాయి మిగుల్తదని తొందరగ ఊడపీకుడు ఇంకో తప్పు. ఆనుకునే గోడల నడుమ దూరం నాలుగున్నర మీటర్ల లోపున్న స్లాబుకు కనీసం 7 రోజులు, అంతకంటె పెద్దదైతే 14, బీముల కింద గుంజలు 14 రోజుల దాక ముట్టొద్దు. అది పుస్తకంల ఉన్న కనీసం, ఇప్పుడు మనకు వచ్చేది ఎక్కువ బూడిద కలిసిన పీపీసీ సిమెంటు, మెల్లగ బలం ఎక్కుతది, నన్నడిగితే ఇంకో వారం ఎక్కువ ఉంచుమంట. నీళ్లు కూడ పీపీసీకి 10 రోజులకు తక్కువ పట్టొద్దు, ఎండాకాలం 14.

ఇప్పుడు ఏది ఎందుకు లేటయితదో చూద్దాం, ఎందుకంటే కారణం తెలిస్తే ముందే జాగ్రత్త పడొచ్చు.

ఇసుక. మనకు మంచి ఇసుక అంటే గోదావరిది, ఏటూరునాగారం, మంగపేట, వెంకటాపురం దిక్కు నుంచి, లేకుంటే మహదేవపూర్ దిక్కు నుంచి వస్తది, కరీంనగర్, పెద్దపల్లోళ్లకు మానేరు ఉంది. వానకాలం నదిల ఇసుక తియ్యొద్దు, అది రూలు, అదిగాక గోదావరి నిండ పారుతుంటే తీసేదెవరు. జూన్ నుంచి దసరా దాక స్టాకు యార్డుల ఉన్నదే ఇసుక. ఇంకోటి మన దిక్కు స్పెషల్, మేడారం జాతర. రెండేండ్లకొకసారి, మొన్న 2026 జనవరి 28 నుంచి 31 దాక అయింది, లక్షల మంది అదే ములుగు, తాడ్వాయి రోడ్డు మీదికెళ్లి పోతరు, ఇసుక లారీలు వచ్చేది గూడ అదే రోడ్డు, జాతర రోజులల్ల లారీలను ఆపుతరు, ఆపాలె కూడ. ఆ తల్లుల జాతర తారీఖు ఏడాది ముందే తెలుస్తది కదా, అయినా జాతర వారంలనే స్లాబు పెట్టుకొని ఇసుక రాలేదని లొల్లి పెట్టినోళ్లను చూసిన నేను. (నవ్వులు)

మన ఊరి వాగు ఇసుక అయితే ఇందిరమ్మ ఇండ్లోళ్లకు ఫ్రీగనే ఇస్తుండ్రు, తహసీల్ ఆఫీసుల కూపన్ రాయించుకోవాలె, ట్రాక్టరు కిరాయి మీదే. ఇక్కడ లేటు ఇసుకది కాదు, ట్రాక్టరుది. వరి కోతలప్పుడు, నాట్లప్పుడు ఊర్లె ట్రాక్టరు దొరుకుతదా? దొరకదు. కోతలు అయిపోయినంక, దమ్ములు మొదలుగాకముందు ఆ నడుమ టైముల తోలిపిచ్చుకోండి, కుప్ప పోసి మీద టార్పాలిన్ కప్పండి, చుట్టు ఇటుక పేర్చండి, లేకుంటే వాన పడ్డప్పుడు సగం గల్లీలకు పోతది.

వాగు ఇసుకల మట్టి ఎక్కువుంటది. చూసుడు ఎట్ల? గాజు సీసా తీస్కోండి, పచ్చడి సీసా అయినా సరే, సగం దాక ఇసుక పొయ్యండి, నీళ్లు పొయ్యండి, చెంచెడు ఉప్పు ఏసి గట్టిగ ఊపి పక్కకు పెట్టండి. మూడు గంటలైనంక చూస్తే ఇసుక కింద, మట్టి మీద ఒక పొర లెక్క కూసుంటది. ఇసుక పది ఇంచులుంటే మట్టి ముప్పావు ఇంచు దాటొద్దు అని లెక్క పెట్టుకోండి, దాటితే కడగాలె, లేకుంటే వాపస్ పంపాలె. ట్రాలీ వచ్చినప్పుడు టేపు పట్టండి, మొహమాటం ఏం లేదు, పొడుగు, ఎడల్పు, ఎత్తు కొలిస్తే 10 అడుగులు, 6 అడుగులు, అడుగున్నర అయితే 90 సీఎఫ్‌టీ, ఆయన 120 అని అంటే అడగొచ్చు. తడి ఇసుక ఉబ్బుతది, కొంచెం తడి ఉంటే నాల్గోవంతు దాక ఎక్కువ కనవడ్తది, గది గూడ యాదిల పెట్టుకోండి.

గోదావరి ఇసుక దొరకకపోతే రోబో ఇసుక, అంటే మిషన్ల రాయి పగలగొట్టి చేసింది, వాడొచ్చా అని చానమంది అడుగుతరు. కాంక్రీటుకు బేషుగ్గ వాడొచ్చు, మంచి ప్లాంటుది అయితే. కొందరు క్రషర్ కాడ రాలిన డస్టు తెచ్చి ఇదే రోబో అంటరు, చేతుల పిసికితే పిండి లెక్క అంటుకుంటది, అది వద్దు. గిలాబుకైతే, అంటే గోడ పూతకైతే, సన్నగ జల్లించి కడిగింది వేరే దొరుకుతది, అది అడగండి.

ఇటుక. పెద్దపల్లి, సుల్తానాబాద్ దిక్కు బట్టీలల్ల పనిచేసేది ఎక్కువ ఒడిశా నుంచి వచ్చేటోళ్లు, పిల్లాజెల్లా పట్టుకొని చలికాలం మొదట్ల వస్తరు, వానలకు ముందు పోతరు. వాళ్ల కష్టం మీదనే మన గోడలు లేస్తున్నయ్, అది వేరే ముచ్చట. బట్టీ కాలేది ఎండలల్ల, అందుకే ఏప్రిల్, మే నెలలల్ల ఇటుక మంచిగ దొరుకుతది, ఆగస్టుకు స్టాకు ఒడిసిపోతది, రేటు లేస్తది, ఉన్న కొద్దిల కాలీకాలనిది అంటగడ్తరు. ఇటుక పాడైపోయేది కాదు కదా, ఎండాకాలంలనే తెచ్చి పేర్చుకోండి, పైసలుంటే అన్నిటికంటె ముందు కొనాల్సింది ఇదే. పరీక్ష కావాల్నంటే ఎండిన ఇటుక తూకం ఏసి, ఒక రోజు మొత్తం నీళ్లల్ల నానబెట్టి మల్ల తూకం ఏయండి, 3 కిలోలది 3 కిలోల 600 గ్రాములు దాటితే నీళ్లు ఎక్కువ పీలుస్తున్నట్టు.

సిమెంటు బూడిద ఇటుకలు కూడ మనకు దగ్గర్లనే, రామగుండం ఎన్టీపీసీ కరెంటు ప్లాంటు బూడిద ఉంది, భూపాలపల్లి చెల్పూర్ ప్లాంటు బూడిద ఉంది. అవి సంవత్సరం పొడుగునా చేస్తరు, గని గిరాకీ ఎక్కువున్నప్పుడు నీళ్లు సరిగ పట్టకుండ పచ్చిగనే లోడు ఎత్తుతరు. రెండు ఇటుకలు ఒకదానికొకటి కొట్టి చూడండి, కంచు లెక్క మోగాలె, దబ్ అని మూల రాలితే ఇంకా పచ్చివే. తెచ్చుకున్నా మీరే రెండు వారాలు నీళ్లు కొట్టి పెట్టండి.

సిమెంటు మాత్రం ముందు కొనొద్దు. చానమంది రేటు పెరుగుతదని 200 బస్తాలు తెచ్చి పెట్టుకుంటరు. 2025 సెప్టెంబరు 22 నుంచి జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి దిగింది కదా, ముందే నింపుకున్నోళ్లు నెత్తి గీక్కున్నరు. పైసల సంగతి ఎట్లున్నా మూడు నెలలు దాటితే సిమెంటు బలం ఐదోవంతు దాక పోతది, ఆరు నెలలైతే ఇంకా. బస్తా మీద ఏ వారం, ఏ సంవత్సరం తయారైందో అచ్చేసి ఉంటది, దింపేటప్పుడే చూడండి. బస్తాల చెయ్యి పెడితే చల్లగ తగలాలె, గడ్డలుంటే వేళ్లతోని నలిపితే పొడి కావాలె, కాకుంటే ఆ బస్తా పిట్టగోడకు గూడ వద్దు. తప్పదు, పది రోజులు ఉంచాలె అంటే నేల మీద కాదు, చెక్కల మీద, గోడకు అడుగు దూరంల, పది బస్తాల కంటె ఎత్తు పేర్చకుండ, మీద పాలిథిన్ కవరు. బసంత్‌నగర్, దేవాపూర్‌ల ఫ్యాక్టరీలు పెట్టుకొని మనకు సిమెంటు కరువేంది, అది చివరి ఘడియల గూడ దొరుకుతది.

సలాక గూడ అంతే, దొరుకుతది, గని పైసలు ఎక్కువ పట్టేది, దశల వారీగ తెచ్చుకోండి. తూకం చూసుకునుడు మర్వద్దు, 12 ఎంఎం సలాక 12 మీటర్లది 10 కిలోల 660 గ్రాములు రావాలె, 8 ఎంఎం అయితే 4 కిలోల 740 గ్రాములు. కొద్దిగ అటుఇటు ఉంటది, అర కిలో కిలో తక్కువ వస్తే అడగండి.

అందరు మరిచిపోయేది దర్వాజ. బేస్‌మెంటు అయినంక దర్వాజ నిలబెడితేనే గోడ లేస్తది కదా మన దిక్కు. వడ్లాయన చేతుల పదిండ్ల పని ఉంటది, మూఢం పోంగనే అందరి దర్వాజలు ఒక్కటే వారంల నిలబెట్టాలె, ఆయనకేమన్న పది చేతులున్నయా. కట్టె ఎంత ముందు కొంటే అంత మంచిది, పచ్చి కట్టె ఎండినంక వంకర పోతది, అందుకే ఇల్లు అనుకున్న రోజే కట్టె కొని నీడపట్టున పేర్చి పెట్టండి, కట్టెకు లేటు మేలే. పాత పెంకుటిల్లు ఇప్పుతున్నరంటే దాంట్ల దూలాలు, వాసాలు పారెయ్యొద్దు, ఆ టేకు ఎండి ఎండి ఉంటది, ఇయ్యాల కొందామన్న గట్లాంటిది దొరకదు. అయినా దర్వాజ టైముకు రాకపోతే గోడల ఖాళీ వదిలి పెట్టి, ఇరుపక్కల క్లాంపులకు సందు ఉంచి గోడ లేపుకోవచ్చు, తర్వాత బిగిస్తరు. పెద్ద దర్వాజ ఒక్కటి ముహూర్తానికి నిలబెట్టుకోండి, లోపటివి ఎనుక పెట్టుకోండి.

పైసల ముచ్చట ఒకటి చెప్పి ఆపుత. ఇందిరమ్మ స్కీము మొదట్ల చెప్పిన లెక్క, 5 లక్షలు నాలుగు విడతలు, బేస్‌మెంటు అయినంక లక్ష, గోడలైతే లక్షా 25 వేలు, స్లాబు పడ్డంక లక్షా 75 వేలు, పూర్తయినంక లక్ష. పని అయినంక ఫొటో ఎక్కినంక పైసలు, అంటే సామాను ముందు మీ జేబుల నుంచే కొనాలె. మీ లేటు సగం దుకాణపోడి దగ్గర కాదు, బ్యాంకు మెసేజి దగ్గర ఉంది. అందుకే చివరి ఇటుక పెట్టినంక గూడ, స్లాబుకు సరిపోను పైసలు చేతికి రాకముందు సెంట్రింగ్ పిలవకండి, గోడల మీద అంచుకు కవరు కప్పి ఆపండి, బిల్లు పడనియ్యండి. దుకాణంల బయానా ఇచ్చేటప్పుడు చిట్టీ మీద రేటు, తారీఖు, ఏ కంపెనీ, ఎన్ని బస్తాలు అన్ని రాపిచ్చుకోండి. మన ఊరోడే కదా అని నోటి మాట మీద పోవద్దు, మన ఊరోనితోనే లొల్లి ఎక్కువ.

ఇగ అడగండి.

(ఒక అక్క: సార్, ఎంత చూసుకున్నా స్లాబు నడుమల సిమెంటు ఒడిసిందనుకోండి, ఏం చెయ్యాలె?)

మంచిగ అడిగినవ్ అక్కా. ఎక్కడ పడితే అక్కడ ఆపొద్దు. పిల్లరు మీద, బీము అంచుల వద్దు, రెండు బీముల నడిమిట్ల ఆపాలె, పల్చగ జారినట్టు కాదు, చెక్క అడ్డం పెట్టి నిటారుగ ఆపాలె, సలాకలు మాత్రం అట్లనే ముందుకు ఉంటయి. తెల్లారి పోసేటప్పుడు ఆ అంచును గొడ్డలి అంచుతోని గీసినట్టు గరుకు చేసి, దుమ్ము కడిగి, సిమెంటు గంజి పోసి అప్పుడు కొత్త కాంక్రీటు. ఎక్కడ ఆపాల్నో ఇంజనీరుకు ఫోన్ కొట్టి అడుగు, ఊకనే మేస్త్రి మాట మీద పోకు.

(ఒక తమ్ముడు: ప్లాంటుల కలిపి బండిల తెచ్చే రెడీమిక్స్ కాంక్రీటు తెప్పిస్తే ఈ రంధే ఉండదు కదా సార్?)

ఉండదు, ఇంకో రంధి ఉంటది. కలిపినంక రెండు గంటలల్ల పొయ్యాలె. వరంగల్ నుంచి మీ ఊరికి గంట, గల్లీల బండి తిరగాలె, పంపు నిలబడే జాగ కావాలె, మీ గల్లీల కరెంటు తీగలు ఎంత ఎత్తున్నయో చూసినవా తమ్మి? ఊరు రోడ్డు మీద ఉండి, స్లాబు పెద్దదైతే బాగనే ఉంటది. 600 అడుగులకు మిల్లరే నయం అని నా లెక్క.

(ఒక పెద్దమనిషి: టేకు మా పొలం గట్టు మీద ఉంది, కొట్టుకోవచ్చా?)

బాపూ, పట్టా భూమిల ఉన్నా ఫారెస్టోళ్ల పర్మిషన్ లేకుండ కొట్టకు, తోలకు. ముందు దరఖాస్తు పెట్టు, పాసుబుక్కు జిరాక్సు తీస్కపో. సామిల్లుల కొంటే బిల్లు తీస్కో, బండిల ఆ బిల్లు, పర్మిట్ ఉండాలె, చెక్‌పోస్టు కాడ పట్టుకుంటే కట్టె పోతది, బండి గూడ ఆగుతది. ఇయ్యాలనే దరఖాస్తు పెడితే ఎండాకాలంల కొట్టొచ్చు, వానలు అయిపోయేటాల్లకు కోసిన కట్టె ఆరుతది, దసరా అయినంక వడ్లాయనకు చెప్పు.